పులి–మేకలో కొట్టు తెరిచాం: గేములోపలి చిన్న కొనుగోళ్లపై ప్రాజెక్టు డైరీ

2025 జూన్ 8

పులి–మేక ఆట ఫోనులో ఆడగలిగే స్థితికి వచ్చి నేటికి పది రోజులైంది. 23 బిందువుల పటం, 3 పులులు, 15 మేకలు, వేర్వేరు ఊళ్లలో ఉన్న ఇద్దరు ఎదురెదురుగా కూర్చున్నట్టు ఆడుకునే ఏర్పాటు, తోడు లేనప్పుడు కంప్యూటరుతో ఆడే మార్గం, ఇవన్నీ సక్రమంగా పనిచేస్తున్నాయి. గేములు తయారుచేసే యూనిటీ అనే సాఫ్ట్‌వేరులో కోడు నేను రాస్తున్నాను, బొమ్మలన్నీ తెనాలిలో ఉండే మా అక్క వేస్తోంది. ఏడాదిగా మేమిద్దరం వాయిదా వేస్తూ వచ్చిన ప్రశ్న ఒక్కటే మిగిలింది: ఈ ఆట తన ఖర్చును తాను ఎలా సంపాదించుకోవాలి? సర్వరు అద్దె ప్రతి నెలా కట్టాలి, రాత్రిళ్లు కూర్చుని బొమ్మలు వేస్తున్న అక్కకు ఆ కష్టానికి తగిన ప్రతిఫలం అందాలి.

అరుగు మీద బొగ్గుముక్కతో గీసుకుని, చింతపిక్కలు పెట్టుకుని ఆడే ఆటకు ముందుగానే 99 రూపాయలు ఇవ్వమంటే ఎవరూ ఇవ్వరు. ప్రకటనల మీదే ఆధారపడదామంటే, మేకలను కూడగట్టి పులిని ఒక మూలకు నెడుతున్న సమయంలో తెర నిండా మరేదో వచ్చి పడటం నాకే సహించదు. కనుక ఆటను ఉచితంగా ఇచ్చి, లోపల చిన్నచిన్న కొనుగోళ్లు పెట్టడం అనే మూడో దారిని పరీక్షించాలని నిర్ణయించుకున్నాం. ఆ పరీక్షలో జరిగినది జరిగినట్టుగా ఇక్కడ రాస్తాను.

2025 జూన్ 15

ఈ వారం కోడు ముట్టుకోకుండా, ఈ పద్ధతి ఇంతగా ఎలా పాతుకుపోయిందో చదువుతూ కూర్చున్నాను.

కొరియాలో నెక్సాన్ వంటి కంపెనీలు 2000ల మొదట్లోనే ఆటను ఉచితంగా ఇచ్చి అందులోని వస్తువులను అమ్మాయి. అమెరికాలో 2006 ఏప్రిల్‌లో బెథెస్డా కంపెనీ తన అబ్లివియన్ గేములో గుర్రానికి తొడిగే కవచాన్ని రెండున్నర డాలర్లకు అమ్మకానికి పెడితే ఆటగాళ్లు ఎగతాళి చేశారు, అయినా అది అమ్ముడైంది. ఐఫోనులో 2009 జూన్‌లో యాప్ లోపలి కొనుగోళ్లు వచ్చాయి. అదే ఏడాది అక్టోబరులో ఉచిత యాపులకు కూడా ఆ సౌకర్యం ఇవ్వడంతో అసలు మార్పు మొదలైంది. 2007లో డబ్బుకు అమ్మిన టీమ్ ఫోర్ట్రెస్ 2 అనే గేములో వాల్వ్ కంపెనీ 2010లో కొట్టు తెరిచి, 2011 జూన్‌లో గేమును పూర్తిగా ఉచితం చేసేసింది. ఈనాడు ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వంటి పెద్ద కంపెనీకి ఇటీవలి ఆర్థిక సంవత్సరాల ఆదాయంలో 70 శాతానికి పైగా వస్తున్నది గేము తొలి అమ్మకం నుంచి కాదు. ఆ తర్వాత వచ్చే చందాలు, అదనపు భాగాలు, గేములోపలి కొనుగోళ్ల నుంచి.

ఇది విజయవంతమైన వ్యాపార పద్ధతేనా అని అడిగితే, డబ్బు లెక్కలో దానికి జవాబు ఎప్పుడో తేలిపోయింది. కారణాలను విడదీసి చూడటమే నాకు ఆసక్తి. ఒకటే ధర పెట్టి అమ్మే గేములో, ఆట మీద ప్రాణం పెట్టుకున్నవాడూ రెండు రోజులు ఆడి వదిలేసేవాడూ ఒకే మొత్తం చెల్లిస్తారు. చిన్న కొనుగోళ్ల పద్ధతిలో ఎవరి ఇష్టాన్ని బట్టి, ఎవరి జేబును బట్టి వాళ్లు ఇస్తారు. అసలు ఏమీ ఇవ్వనివాడు కూడా దండగ కాదు, ఎందుకంటే డబ్బిచ్చే ఆటగాడికి ఎదురుగా కూర్చుని ఆడేది అతనే. ఒకసారి గీసిన బొమ్మను లక్షమందికి అమ్మినా రెండో ప్రతికి అయ్యే ఖర్చు దాదాపు సున్నా. ఈ మూడూ కలిసిన చోట లాభం రాకుండా ఎలా ఉంటుంది?

చిక్కల్లా ఆదాయంలో ఎక్కువ భాగం కొద్దిమంది జేబుల నుంచే రావడంలో ఉంది. ఈ పరిశ్రమలో వాళ్లను తిమింగలాలు అంటారు. తిండిపెట్టే చేతివైపే చూపు తిరుగుతుంది కనుక, క్రమంగా ఆటను రూపొందించడం కూడా ఆ కొద్దిమంది కోసమే జరుగుతుంది. మా విషయంలో అలా జరగకూడదని ముందే అనుకున్నాను.

2025 జూలై 6

క్యాండీ క్రష్‌లో 5 ప్రాణాలు ఉంటాయి, ఓడినప్పుడల్లా ఒకటి పోతుంది, పోయినది తిరిగి రావడానికి 30 నిమిషాలు పడుతుంది. కోట్లమంది ఆడిన గేములో నిలిచిన పద్ధతి కదా అని నేనూ అలాగే 5 ప్రాణాలు పెట్టి, నిరీక్షించలేనివారికి 10 రూపాయలకు ప్రాణాలన్నీ తిరిగి నిండే బొత్తాము తయారుచేశాను. రెండు రోజుల పని.

శనివారం అక్క, మేనల్లుడు గుంటూరు వచ్చారు. వాడికి పదకొండేళ్లు. నా పాత ఫోనులో కొత్త కూర్పు ఎక్కించి ఇస్తే, పక్కింటి కుర్రవాడితో వరసగా ఐదు ఆటలు ఆడి, ఐదూ పులుల పక్షాన ఓడిపోయాడు. తెర మీద గడియారం 29 నిమిషాల 58 సెకన్ల నుంచి వెనక్కి లెక్కపెడుతోంది. వాడు కాసేపు దాన్నే చూసి, "మామయ్యా, నాకు ప్రాణాలు అయిపోతే వాడెందుకు ఆగాలి?" అని అడిగాడు. నేను జవాబు వెతుక్కునేలోపే ఫోను కిటికీ మీద పెట్టేసి, వంటింట్లోకి వెళ్లి అమ్మ దాచిన చింతపిక్కలు గుప్పెడు తెచ్చి, గచ్చు మీద సుద్దముక్కతో పటం గీశాడు. పులులకు మూడు సీసా మూతలు దొరికాయి. 29 నిమిషాలూ గడిచి, ఫోనులో ప్రాణం వచ్చినట్టు గంట మోగింది. ఇద్దరిలో ఒక్కరూ తల ఎత్తలేదు.

ఆ రాత్రి ఆలోచిస్తే తప్పు ఎక్కడుందో స్పష్టమైంది. క్యాండీ క్రష్ ఒంటరిగా ఆడే ఆట, అందులో ఆటగాడికి కావలసిన సరుకు తర్వాతి అంచె. ఆ సరుకును కాస్త ఆపి ఇస్తే ఆకలి పెరుగుతుంది. పులి–మేకలో సరుకు అంటూ వేరే లేదు, ఎదుటి మనిషే సరుకు. ఒకరి ప్రాణాలు అయిపోయినప్పుడు ఇంకా ఆడగలిగిన రెండో మనిషిని కూడా మేమే బయటికి పంపిస్తున్నాం. అలా వెళ్లినవారికి సుద్దముక్కా నేలా ఎప్పుడూ అందుబాటులోనే ఉంటాయి.

దీనికి ముందే ఒక గుణపాఠం ఉంది, అది గుర్తుకు రానందుకు బాధగా ఉంది. 1997 నాటి డన్జన్ కీపర్ అనే మంచి గేమును ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ 2014లో ఫోనుకు తెచ్చినప్పుడు, గట్టి రాతిబండ ఒక్కటి తవ్వాలంటే గంటల తరబడి ఆగాలి, లేకపోతే రత్నాలు కొనాలి. దానిని ఉచిత గేము అంటూ ఇచ్చిన ప్రకటన తప్పుదారి పట్టించేదిగా ఉందని ఆ ఏడాది జూలైలో బ్రిటన్ ప్రకటనల నియంత్రణ సంస్థ తేల్చింది. తానే ఒక ఇబ్బందిని సృష్టించి, ఆ ఇబ్బంది నుంచి విడుదలను అమ్మే బేరం అది. నేను చేసిందీ అదే బేరం, ధర మాత్రమే 10 రూపాయలు.

ప్రాణాల పద్ధతిని మొత్తంగా తీసేశాను.

2025 జూలై 20

రెండో ప్రయత్నం "ఎత్తు వెనక్కి". పొరపాటున వేసిన ఎత్తును వెనక్కి తీసుకునే అవకాశాలు మూడు 15 రూపాయలకు అమ్మాలని ఆలోచన. కంప్యూటరుతో ఆడేటప్పుడు ఇది మంచి సౌకర్యమే, ఎవరికీ నష్టం లేదు. మనుషుల మధ్య కూడా పెడదామా అని ఇంట్లో ప్రస్తావించాను. చిన్నప్పుడు గుడి మండపంలో నేలరాతి మీద చెక్కిన పటం దగ్గరే ఈ ఆట నేర్చుకున్న మా నాన్నగారు పత్రిక పక్కన పెట్టి, "ఎత్తు వేసి చెయ్యి తీశాక వెనక్కి లేదురా. డబ్బులిస్తే ఉంటుందా?" అన్నారు.

అంతకు మించి చర్చ అవసరం లేకపోయింది. డబ్బిచ్చినవాడికి గెలుపు దగ్గరయ్యే ఏర్పాటు వస్తే, ఓడినవాడు తన ఆటను కాక ఎదుటివాడి జేబును తలచుకుంటాడు. 2017 నవంబరులో స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2 విషయంలో జరిగినది ఇదే. పూర్తి ధర పెట్టి కొన్న గేములో డార్త్ వేడర్ పాత్రతో ఆడాలంటే ఆటలో సంపాదించే 60,000 క్రెడిట్లు కూడబెట్టాలి. దానికి తోడు బలాన్ని పెంచే కార్డులు, తెరిస్తే గానీ ఏముందో తెలియని అదృష్టపు పెట్టెలలో ఉండేవి, ఆ పెట్టెలను డబ్బుతో కొనవచ్చు. ఆగ్రహం ఎంత పెరిగిందంటే, ముందు ఆ 60,000ను 15,000కు తగ్గించారు, అదీ చాలక విడుదలకు కొద్ది గంటల ముందు గేములోపలి కొనుగోళ్లన్నిటినీ ఆపేశారు. మరుసటి ఏడాది అవి తిరిగి వచ్చినప్పుడు వేషధారణకు మాత్రమే పరిమితమయ్యాయి.

దానికి పూర్తి విరుద్ధంగా, డోటా 2లో 2013 నుంచి పాత్రలన్నీ అందరికీ ఉచితం, అమ్మేది దుస్తులూ అలంకారాలూ మాత్రమే. ఆ గేము ప్రపంచ పోటీ కోసం అమ్మిన, అదనపు అలంకారాలు ఇచ్చే ప్రత్యేక పాసుల ఆదాయంలో నాలుగో వంతు బహుమతి నిధికి వెళ్లేది. 2021 నాటికి ఆ నిధి 4 కోట్ల డాలర్లకు చేరింది. ఆట న్యాయంగా ఉన్నప్పుడే దాని మీద అభిమానం నిలుస్తుందని, ఆ అభిమానమే కొనుగోలుగా మారుతుందని దీని నుంచి నేను గ్రహించాను. ఒక్క బలాన్నీ అమ్మకుండా అంత డబ్బు వచ్చింది.

ఎత్తు వెనక్కి తీసుకునే సౌకర్యం కంప్యూటరుతో ఆడేవారికి ఉచితంగా ఉంటుంది, మనుషుల మధ్య అసలే ఉండదు.

2025 ఆగస్టు 3

అక్క వేసిన పులులు, మేకల బొమ్మల జతలు రెండు వచ్చాయి. మొదటిది కొండపల్లి తరహా: తెల్లపొణికి చెక్కతో చేసిన బొమ్మలకుండే ఆ కాస్త లావు మెడ, చురుకైన రంగులు. పులికి మూతి దగ్గర పెట్టిన తెల్లని చుక్కలను దగ్గరకు జరిపి చూస్తే, కుంచె చివర వంగిన చోటు కూడా తెలుస్తుంది. రెండోది ఏటికొప్పాక తరహా: అంకుడు కర్రను లేతు మీద తిప్పి లక్క పూసినట్టు నున్నగా, గుండ్రంగా ఉన్న మేకలు. మేకను బిందువు మీద పెట్టినప్పుడు కర్ర తగిలిన చప్పుడు కావాలని అక్క పట్టుబట్టి, ఇంట్లో ఉన్న లక్కపిడతను బల్ల మీద తట్టి ఆ శబ్దాన్ని రికార్డు చేసి పంపింది. ఇప్పటి వరకు నేను అమ్మాలని చూసినవేవీ నాకు కొనాలనిపించలేదు. ఇవి చూస్తే కొనాలనిపించింది.

వీటిని ఎలా అమ్మాలన్నది వెంటనే వచ్చిన ప్రశ్న. పెట్టెలో దాచి, తెరిస్తే ఏది వస్తుందో తెలియకుండా అమ్మితే అదే మనిషి నాలుగుసార్లు కొంటాడని ఈ రంగంలో ఉన్న ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. ఆయన చెప్పింది నిజం. జెన్షిన్ ఇంపాక్ట్‌లో ఐదు నక్షత్రాల పాత్ర వచ్చే అవకాశం ఒక్కో ప్రయత్నానికి 0.6 శాతం, 90 ప్రయత్నాల లోపు తప్పక ఒకటి వస్తుంది, వచ్చినది కోరుకున్నదే అయ్యే అవకాశం మాత్రం మొదటిసారి ఇంచుమించు సగమే. ఆ గేము ఎంత సంపాదించిందో లోకమంతా చూసింది. జపాన్‌లో ఇలాంటి పెట్టెల నుంచి వచ్చిన వస్తువులను జతకూర్చి పెద్ద బహుమతి పొందే పద్ధతిని 2012లోనే చట్టవిరుద్ధమని తేల్చారు. బెల్జియంలో 2018 ఏప్రిల్‌లో డబ్బు పెట్టి కొనే అదృష్టపు పెట్టెలు జూదమేనని అక్కడి గేమింగ్ కమిషన్ ప్రకటించింది.

జూదం అనే మాట నాకు ప్రత్యేకంగా తగిలింది. మన వైపు చాలా ఊళ్లలో ఈ ఆట పేరే పులిజూదం. పందెం లేకపోయినా, పాచిక కూడా లేకపోయినా పేరులో జూదం ఉంది. ఆటలో అణువంత అదృష్టం లేదు, ప్రతి ఎత్తూ ఇద్దరి కళ్ల ముందే ఉంటుంది. అటువంటి ఆటలో కొట్టు దగ్గర మాత్రం నిజంగానే జూదం పెట్టడం నాకు సుతరామూ ఇష్టం లేదు. పెట్టెలు ఉండవు. ఏ జత కొంటున్నారో ముందే పూర్తిగా చూపించి, దానితో ఒక ఆట ఉచితంగా ఆడనిచ్చి, ఆ తర్వాతే ధర అడుగుతాం.

2025 ఆగస్టు 12

రత్నాలు, నాణేలు వంటి గేములోపలి కరెన్సీ కూడా వద్దని తేల్చాం. వస్తువు 120 రత్నాలు, అమ్మే కట్టలు 100, 250 అయితే, ప్రతిసారీ కొంత మిగిలిపోతుంది, ఆ మిగిలినదే మరో కట్ట కొనిపిస్తుంది. పైగా ఎంత ఖర్చయిందో రూపాయలలో ఎవరికీ గుర్తుండదు. యూరప్‌లో వినియోగదారుల రక్షణ అధికారులు ఈ ఏడాది మార్చిలో అసలు డబ్బులో ధర స్పష్టంగా చూపాలని మార్గదర్శకాలు ఇచ్చారు. మేము ధరను రూపాయలలోనే రాస్తాం: జత 49 రూపాయలు.

మరో కారణం కూడా ఉంది. రెండేళ్ల క్రితం మేనల్లుడు వేరే ఏదో గేములో అక్క ఫోనులో దాచి ఉన్న కార్డుతో 1,800 రూపాయలు ఖర్చు చేశాడు. వాడికి అది డబ్బని తెలియదు, నీలం రంగు రాళ్లని మాత్రమే తెలుసు. అమెరికాలో ఇలాంటి పిల్లల కొనుగోళ్ల విషయంలోనే 2014లో ఆపిల్ కనీసం 3.25 కోట్ల డాలర్లు తిరిగి ఇవ్వడానికి అంగీకరించింది. ఒకసారి పాస్‌వర్డు కొడితే తర్వాతి 15 నిమిషాలు మళ్లీ అడగకపోవడం అక్కడి ప్రధాన సమస్య. అక్క ఆ 1,800 గురించి చెప్పినప్పుడల్లా డబ్బు గురించి కాక, వాడిని ఆ రోజు కొట్టానే అని బాధపడుతుంది.

2025 ఆగస్టు 24

ఆన్‌లైన్ గేమింగ్ చట్టాన్ని పార్లమెంటు ఈ వారమే ఆమోదించింది, 22న రాష్ట్రపతి సంతకమూ అయింది. నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా, డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆశ చూపే ఆటలన్నిటికీ నిషేధం. ఇలాంటి ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ముందే కట్టడి చేశాయి. మా ఆటలో గెలిచినవారికి డబ్బు రాదు, కొన్న బొమ్మలను తిరిగి అమ్ముకునే వీలూ లేదు, కనుక మా దారికి అడ్డు లేదు. అయినా పేరు విషయంలో అక్క చెప్పిన మాటే వింటున్నాను. పులిజూదం అనే పేరు నాకు ఎంత ఇష్టమైనా, స్టోరులో "పులి–మేక" అనే పెడతాం.

2025 సెప్టెంబర్ 7

ఇప్పుడు లెక్క. 49 రూపాయలలో గూగుల్ ప్లే రుసుము 15 శాతం పోతే 41 రూపాయల 65 పైసలు మిగులుతాయి, పన్నుల సంగతి వేరు. సర్వరుకూ అక్క శ్రమకూ కలిపి నెలకు 30,000 రూపాయలు కావాలనుకుంటే 721 జతలు అమ్ముడుపోవాలి. రెండు జతలు, ప్రకటనలు తీసేసే 99 రూపాయల కొనుగోలు, అన్నీ కలిపినా ఒక మనిషి మాకు ఇవ్వగలిగినది జీవితకాలంలో 197 రూపాయలే. తిమింగలానికి మా చెరువులో చోటు లేదు. దానర్థం ప్రతి నెలా వందల మంది కొత్తవాళ్లు కొనాలి, లేదా అక్క ఎప్పటికప్పుడు కొత్త జతలు గీస్తూ ఉండాలి. ఫోర్ట్‌నైట్ వంటి గేములు సీజను తర్వాత సీజను కొత్త పాసు ఎందుకు తెస్తాయో ఈ లెక్క వేశాకే నాకు పూర్తిగా అర్థమైంది. ఒకసారి కొంటే తీరిపోయే కోరికతో ప్రతి నెలా వచ్చే అద్దె కట్టలేం.

పెద్ద కంపెనీలకు తిరుగులేకుండా పనిచేస్తున్న పద్ధతి మాలాంటివారికి అంత సులువుగా పనిచేయకపోవడానికి కారణం ఇదే. న్యాయంగా అమ్మాలంటే జనం చాలా ఎక్కువమంది ఉండాలి. జనం తక్కువైనప్పుడు కొద్దిమందినే గట్టిగా పిండుకోవాలనే ఒత్తిడి పెరుగుతుంది. చిన్న జట్లు ఆశ పుట్టి కాదు, అద్దె తేదీ దగ్గరపడి పెట్టెల వైపు వెళతాయని నా నమ్మకం. మేము ఆ ఒత్తిడిని తట్టుకోవడానికి నెలకు 30,000 అనే లక్ష్యాన్నే ప్రస్తుతానికి 8,000కు దించుకుని, నా ఉద్యోగాన్ని వదలకుండా కొనసాగిస్తున్నాను. 8,000కు 193 జతలు చాలు.

2025 సెప్టెంబర్ 21

కొత్తగా వ్యక్తిగత ఖాతా తెరిచిన యాప్ తయారీదారులు, యాపును అందరికీ విడుదల చేసే ముందు కనీసం 12 మందితో వరసగా 14 రోజులు పరీక్ష జరపాలని గూగుల్ ప్లే నియమం. మా వైపు చుట్టాలు, స్నేహితులు కలిసి 31 మంది చేరారు. ఆరుగురు సొంత డబ్బుతో జతలు కొన్నారు. ఐదుగురు కొండపల్లి, ఒక్కరు ఏటికొప్పాక.

నాలుగో రోజు ఉదయం బాపట్ల నుంచి మా పిన్ని ఫోను చేసింది. "బాబూ, నా పులులు పోయాయి, డబ్బులు మాత్రం వెనక్కి వచ్చాయి, ఏదైనా తప్పు నొక్కానా?" అని అడిగింది. తప్పు ఆమెది కాదు, నాది. కొనుగోలు జరిగాక అది మాకు అందిందని మూడు రోజుల లోపు యాప్ గూగుల్‌కు ధ్రువీకరించాలి, లేకపోతే గూగుల్ దానంతట అదే డబ్బు తిరిగి ఇచ్చేస్తుంది. సర్వరులో సరిచూసుకున్న తర్వాత ధ్రువీకరిద్దామని కొనుగోలును పెండింగులో ఉంచి, సరిచూడటం పూర్తయ్యాక ధ్రువీకరణ పంపే ఫంక్షనును, అంటే కోడులో ఆ పని చేసే భాగాన్ని, పిలవడం మరిచిపోయాను. ఆరు కొనుగోళ్లూ రద్దయ్యాయి. ఒక్క వరస కోడు చేర్చి, యూపీఐ చెల్లింపు మధ్యలో ఆగినప్పుడు "చెల్లింపు ఇంకా పూర్తి కాలేదు" అనే సందేశం కూడా పెట్టి, సాయంత్రానికి కొత్త కూర్పు పంపాను.

ఆరుగురికీ విడివిడిగా ఫోను చేసి జరిగినది చెప్పాను. నలుగురు మళ్లీ కొన్నారు. ఐదో ఆయన తర్వాత చూస్తానన్నారు. పిన్ని మాత్రం, "డబ్బులకేం గానీ, ఆ మూతి మీద చుక్కలున్న పులి మళ్లీ వస్తుందా?" అని అడిగింది. ఆమె ఖాతాకు ఆ జతను నేనే చేర్చాను. ఆ మాటను అక్కకు చేరవేస్తే, ఆ రాత్రే మూడో జతకు పెన్సిలు గీతలు పంపింది: దసరా పులివేషం, నడుముకు గంటలు, తోక పట్టుకుని వెనక నడిచే పిల్లవాడితో సహా. పిల్లవాడిని 23 బిందువుల పటంలో ఎక్కడ నిలబెట్టాలో రేపు కూర్చుని చూడాలి.